నిజాంపేటలో 2013లో కట్టిన రీసేల్ ఫ్లాట్: టోకెన్ ఇచ్చే ముందు ఇంజినీరుతో చూపించాలా?

కేపీహెచ్‌బీ_టీచర్

అందరికీ నమస్తే. నిజాంపేటలో ఒక రీసేల్ ఫ్లాట్ చూశాం. స్టిల్ట్ (కింద పిల్లర్ల మధ్య కార్లు పెట్టుకునే ఖాళీ అంతస్తు) మీద ఐదు అంతస్తుల బిల్డింగు. మేం చూసింది ఐదో అంతస్తులోది, అంటే దాని పైన టెర్రస్సే. 1,250 చదరపు అడుగులు, రెండు బెడ్రూములు, తూర్పు గుమ్మం. ఓనర్ 68 లక్షలు చెబుతున్నారు. గట్టిగా అడిగితే 65కి దిగుతారని బ్రోకర్ అంటున్నాడు. మావారి పీఎఫ్ కొంత, మా నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు కొంత, మిగతాది బ్యాంకు లోను. నాన్నగారి డబ్బు పెడుతున్నాం కాబట్టే నాకు ఇంత టెన్షన్.

ఇల్లు చూడటానికి చక్కగా ఉంది. గాలి, వెలుతురు బాగున్నాయి. స్కూలుకి నాకు ఒకే బస్సు. కానీ లోపల అడుగు పెట్టగానే పెయింట్ వాసన గుప్పుమంది. అమ్మకానికి పెట్టే ముందే వేయించినట్టున్నారు. హాలు, వంటిల్లు తళతళలాడుతున్నాయి. చిన్న బెడ్రూములో కప్‌బోర్డు తలుపు తీస్తే మాత్రం లోపల ముక్కిన వాసన వచ్చింది. వెనక పలక మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఆ గోడకి అవతల బాత్రూమ్. ఓనర్‌ని అడిగితే, చాన్నాళ్ళుగా మూసి ఉంచాం కదండీ, అందుకే అన్నారు. నిజమే కావచ్చు. కానీ మిగతా కప్‌బోర్డులూ మూసే ఉన్నాయి, వాటిలో ఆ వాసన లేదు.

ఇల్లు కొనే ముందు తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చేవాళ్ళు ఉన్నారని తెలిసి ఒకరికి ఫోన్ చేశాను. 9,000 అడిగారు. ఈ మాట చెప్పగానే బ్రోకర్ ముఖం మాడ్చుకున్నాడు. కొత్త విల్లాలకైతే చేయిస్తారు గానీ పాత ఫ్లాట్‌కి ఎవరు చేయిస్తారమ్మా, ఓనర్‌కి కోపం వస్తుంది, ఇంకో పార్టీ టోకెన్‌తో రెడీగా ఉంది అంటున్నాడు. ఎలాగూ బ్యాంకు ఇంజినీరు వస్తాడు, ఆయన చూసింది చాలదా అన్నది ఇంకో మాట. మా మరిదేమో తెలిసిన మేస్త్రీని తీసుకెళ్తే వెయ్యి రూపాయల్లో అయిపోతుందంటున్నాడు.

అసలు ఈ తనిఖీలో నా కళ్ళకి కనపడనిది వాళ్ళకేం కనిపిస్తుంది? చేయిస్తే టోకెన్‌కి ముందా, తర్వాతా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

---

సూటిగా_చెప్తా

మేడమ్, నా అభిప్రాయం చెబుతాను, ఏమీ అనుకోకండి. పన్నెండేళ్ళుగా నిలబడ్డ బిల్డింగు. అన్ని వానలూ ఎండలూ చూసేసింది. పగలాల్సింది ఈపాటికి పగిలే ఉంటుంది. మేం కొన్నప్పుడు మా ఊరి మేస్త్రీని తీసుకెళ్ళాం. ఆయన గోడ మీద నాలుగు దెబ్బలు కొట్టి, స్లాబు కింద నిలబడి చూసి, తీసుకోండి బాబూ అన్నాడు. ఇప్పటికీ బాగానే ఉన్నాం. ఆ 9,000 మంచి లాయర్‌కి ఇవ్వండి. హైదరాబాద్‌లో జనం మునిగేది గోడల వల్ల కాదు, కాగితాల వల్ల. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్) సరిగ్గా చూపించుకోండి, చాలు.

---

ఆర్‌అండ్‌బీ_రిటైర్డ్

అమ్మా, నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. తెలిసినవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు పిలిస్తే వెళ్ళి చూసి వస్తుంటాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పై సోదరుడు కాగితాల గురించి చెప్పింది అక్షరాలా నిజం. లాయర్ ఖర్చు తగ్గించుకోవద్దు. మేస్త్రీని కూడా నేను తక్కువ చెయ్యను. పనితనం ఎలా ఉందో చెప్పడంలో మంచి మేస్త్రీ కన్ను నాకంటే చురుకు. కానీ ఆయన గోడ చూసి బాగుందనో బాగాలేదనో చెబుతాడు. మీకు కావలసింది ఆ ఒక్క మాట కాదు. ఏది చెడింది, ఎందుకు చెడింది, బాగుచేయడానికి ఎంతవుతుంది, ఆ ఖర్చు మీదా, అపార్ట్‌మెంట్ అందరిదా అన్నది కావాలి. అదీ రాతపూర్వకంగా, ఫోటోలతో. బేరం చేసేటప్పుడు ఓనర్ ముందు పెట్టగలిగేది ఆ కాగితమే. మేస్త్రీ తల ఊపాడని చెబితే ఎవరూ వినరు.

బ్యాంకు ఇంజినీరు సంగతి. ఆయన మీ కోసం రాడు, బ్యాంకు కోసం వస్తాడు. రేపు మీరు లోను కట్టకపోతే ఈ ఫ్లాట్ అమ్మి డబ్బు రాబట్టుకోవచ్చా అన్నదే ఆయన చూసేది. కొలతలు తీసుకుంటాడు, ప్లాన్‌తో పోలుస్తాడు, విలువ కడతాడు. మీ బాత్రూమ్ కారుతోందా, వంటింట్లో ఎర్తింగ్ ఉందా అన్నది ఆయన పని కాదు.

ఇక ఫ్లాట్ లోపల. కొత్త పెయింట్ ఉన్న ఇంట్లో పెయింటర్ బ్రష్ చేరని చోట్లు వెతకాలి. లాఫ్ట్ లోపలి మూలలు, కప్‌బోర్డుల వెనక, వాష్‌బేసిన్ కింద, ఫాల్స్ సీలింగ్‌లో లైటు ఊడదీసి ఆ రంధ్రంలోంచి పైన స్లాబు. మీరు కప్‌బోర్డులో చెయ్యి పెట్టి చూశారు చూడండి, సగం తనిఖీ మీరే చేసేశారు. ఇంజినీరు దగ్గర తేమ కొలిచే మీటర్ ఉంటుంది. దాన్ని ఆ గోడ మీద అడుగు నుంచి పైదాకా పెట్టుకుంటూ పోతే చెమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కింద ఎక్కువై పైకి పోయేకొద్దీ తగ్గితే బాత్రూమ్ ఫ్లోరింగ్ కింద నీళ్ళు నిలుస్తున్నాయని అనుమానించాలి. నడుమ ఎత్తులో ఒక్కచోటే ఎక్కువుంటే గోడలోని పైపు జాయింటు కావచ్చు. ఈ రెండింటి ఖర్చుకీ చాలా తేడా ఉంది. పైపు అయితే రెండు టైల్స్ పగలగొడితే సరిపోతుంది. ఫ్లోరింగ్ అయితే బాత్రూమ్ మొత్తం తవ్వి వాటర్‌ఫ్రూఫింగ్ మళ్ళీ చేయాలి. గోడలో ఉప్పు పేరుకుని ఉంటే మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి మీటర్ ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పే ఇంజినీరుని నేను నమ్మను.

అందుకే నీళ్ళు నిలబెట్టి చూడాలి. బాత్రూమ్‌లో నీళ్ళు పోయే జాలీలకి గుడ్డ గట్టిగా కుక్కి, అంగుళం లోతున నీళ్ళు పట్టి, నీటి మట్టం దగ్గర టైల్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, 24 గంటలు వదిలేయాలి. మర్నాడు గీత కంటే ఎంత దిగిందో చూడాలి. అంతకంటే ముఖ్యం, కింద ఫ్లాట్ వాళ్ళ బాత్రూమ్ సీలింగ్ చూడాలి. నాలుగో అంతస్తు వాళ్ళ తలుపు తట్టి, అమ్మా, పైన ఫ్లాట్ కొందామనుకుంటున్నాం, మీ బాత్రూమ్ సీలింగ్ ఒక్కసారి చూడనిస్తారా అని మీరే మర్యాదగా అడగండి. ఆడవాళ్ళు అడిగితే కాదనరు. నాలుగేళ్ళుగా కారుతోందో, మొన్ననే ఆగిందో వాళ్ళు చెప్పినంత వివరంగా ఏ మీటరూ చెప్పలేదు.

టైల్స్ మీద రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ పోతే కింద సిమెంటు పట్టనివి డొల్లగా మోగుతాయి. అక్కడక్కడా మోగితే పట్టించుకోకండి. కరెంటుది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి సాకెట్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వోల్టేజీ వస్తోందో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. రాకపోతే ఆ సాకెట్‌కి మూడో రంధ్రం ఉంది గానీ వెనక ఎర్త్ వైరు లేదని అర్థం. గీజరు, వాషింగ్ మెషీన్ దగ్గర అలా ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకై మనిషికి షాక్ కొట్టబోతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసి, ఉంటే టెస్ట్ బటన్ నొక్కి కరెంటు పోతోందో లేదో చూడాలి. ఆ కాలంలో కట్టిన చాలా ఫ్లాట్లలో లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీలే ఉంటాయి, ఇది ఉండదు. పెట్టించుకోవడం పెద్ద ఖర్చు కాదు, కానీ ఎర్త్ వైరే లేకపోతే గోడలు చెక్కాలి.

ఇదంతా ఫ్లాట్ సంగతి. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి. మీ సేల్ డీడ్‌లో ఫ్లాట్‌తో పాటు స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా, అంటే విడదీయలేని వాటా, అని రాస్తారు. అంటే మీరు కొనేది నాలుగు గోడలే కాదు, ఆ స్థలంలో, బిల్డింగులో ఒక వాటా కూడా. లోపల ఏది పాడైనా లక్షో రెండు లక్షలో పెట్టి బాగుచేసుకోవచ్చు. బిల్డింగుకి ఏదైనా అయితే మీ చేతిలో ఉండదు. చాలామంది ఇంజినీరుని తీసుకెళ్ళి ఫ్లాట్ లోపలే తిప్పి పంపేస్తారు. మీరు ఆయన్ని ముందు స్టిల్ట్‌లోకి, తర్వాత టెర్రస్ మీదికి, చివర్లో ఫ్లాట్‌లోకి తీసుకెళ్ళండి.

స్టిల్ట్‌లో ప్రతి పిల్లర్ మొదలూ వంగి చూడాలి. కార్లు కడిగిన నీళ్ళు, బోరు దగ్గర కారే నీళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే తగులుతుంటాయి. లోపల ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని నెట్టేస్తుంది. అప్పుడు పిల్లర్ అంచు వెంట నిలువునా చీలిక వస్తుంది, గోధుమరంగు మరక దిగుతుంది, తర్వాత పెచ్చు ఊడుతుంది. గోడకీ పిల్లర్‌కీ మధ్య సన్నగా వెంట్రుకలా కనిపించే గీత వేరు, ఇది వేరు. మొదటిది ఇటుకా కాంక్రీటూ ఎండకి వేరువేరుగా సాగడం వల్ల వచ్చేది, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మొదలై కింది అంతస్తులోనూ అదే వరసలో కనిపిస్తూ, గోడకి రెండు వైపులా ఉన్న చీలిక అయితే పునాది గురించి ఆలోచించాలి.

రీబౌండ్ హామర్ అని ఒక పరికరంతో కాంక్రీటు మీద కొట్టి బలం చెబుతామంటారు. అది చెప్పేది పైపొర గట్టితనమే. పాత కాంక్రీటు పైపొర గాలికి గట్టిపడి అంకె ఎక్కువ చూపిస్తుంది. ప్లాస్టరింగ్ మీదే కొట్టి రిపోర్టు రాస్తే ఆ రిపోర్టుకి విలువ లేదు. అనుమానం గట్టిగా ఉంటే అల్ట్రాసోనిక్ టెస్ట్ చేయించాలి. అందులో కాంక్రీటులోంచి ధ్వని తరంగం పంపిస్తారు, అది ఎంత వేగంగా పోతే కాంక్రీటు అంత మంచిదని లెక్క. కానీ ఇది అసోసియేషన్ అనుమతితో జరగాల్సిన పని. కొనేవాళ్ళు మామూలుగా చేయించరు, పిల్లర్లు కంటికి బాగా కనిపిస్తే అక్కర్లేదు కూడా.

టెర్రస్ మీ నెత్తి మీదే ఉంది కాబట్టి మీకు మరీ ముఖ్యం. వాన పడ్డ మర్నాడు వెళ్తే నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో కనిపిస్తుంది. వాన లేకపోయినా ఎండిన మడుగుల అంచున మట్టి చారలు ఉంటాయి. పిట్టగోడ మొదట్లో రావి మొక్క మొలిచి ఉంటే వేరు ఎంత లోపలికి పోయిందో చూడాలి. ట్యాంకు కింద స్లాబు తడిగా ఉందేమో చూడాలి.

ఐదో అంతస్తు అన్నారు కాబట్టి ఇంకొక్కటి. మంజూరైన ప్లాన్ కాపీ తీసుకుని అందులో ఐదో అంతస్తు ఉందో లేదో చూడండి. ఆ చుట్టుపక్కల పంచాయతీల కాలంలో కాగితం మీద ఉన్న అంతస్తుల కంటే నేల మీద ఎక్కువ లేచిన బిల్డింగులు ఉన్నాయి. అనుమతి లేని అంతస్తు అయితే చట్టపరమైన తలనొప్పి ఒక్కటే కాదు. తక్కువ అంతస్తులకి లెక్కకట్టిన పునాది ఎక్కువ బరువు మోస్తోందని కూడా అర్థం. లాయర్ ఒక సగం చూస్తాడు, ఇంజినీరు ఒక సగం చూస్తాడు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఇద్దరూ కలవాలి.

ఎప్పుడు అంటే, టోకెన్‌కి ముందే. ఇంకో పార్టీ రెడీగా ఉంది అన్న మాట ప్రతి బ్రోకరూ ప్రతి ఇంటి దగ్గరా అంటాడు.

---

కేపీహెచ్‌బీ_టీచర్

సర్, ఇంత వివరంగా రాసినందుకు ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. మావారికి, నాన్నగారికి చదివి వినిపించాను. నాన్నగారు వెంటనే ఇంజినీరుకి ఫోన్ చెయ్యమన్నారు.

ఓనర్‌తో నేనే నేరుగా మాట్లాడాను. చూసుకోండమ్మా, నాకేం అభ్యంతరం లేదు అన్నారు. బ్రోకర్ చెప్పిన కోపం ఏమీ కనిపించలేదు. టెర్రస్ తాళం అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఉందట, ఆదివారం ఇస్తామన్నారు. ఇంకో రెండు సందేహాలు. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకి తెచ్చిన 2016 రెరా చట్టంలో ఐదేళ్ళ గ్యారంటీ ఉందంటారు కదా, అది మాకేమైనా పనికొస్తుందా? ఇంజినీరుని ఎలా ఎంచుకోవాలి? వీళ్ళకి లైసెన్సు లాంటిది ఏమైనా ఉంటుందా?

---

ప్రగతినగర్_ట్రెజరర్

టీచర్ గారూ, మీ పక్కనే ప్రగతినగర్‌లో మా అపార్ట్‌మెంట్ లెక్కలు నేను చూస్తాను. సర్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. గోడలు చూసినట్టే అసోసియేషన్ లెక్కల పుస్తకం కూడా చూడండి. బిల్డింగు జబ్బులన్నీ అందులో రాసి ఉంటాయి.

మార్చి నుంచి జూన్ దాకా వాటర్ ట్యాంకర్లకి ఎంత కట్టారో చూడండి. బోరు ఎండిపోతోందో లేదో అక్కడే తెలిసిపోతుంది. లిఫ్ట్ రిపేరు ఎన్నిసార్లు వచ్చింది, మోటారు ఎన్నిసార్లు కాలింది, టెర్రస్ మీద వాటర్‌ఫ్రూఫింగ్ పేరుతో ఎప్పుడు ఎంత ఖర్చు పెట్టారు, అన్నీ ఉంటాయి. ఏటా జూన్‌లో టెర్రస్ మీద కాస్త కాస్త ఖర్చు కనిపిస్తే, అతుకులు వేస్తున్నారు గానీ సరిగ్గా బాగుచేయడం లేదని అర్థం. కార్పస్ ఫండ్‌లో (పెద్ద రిపేర్లకని అందరూ వేసి ఉంచే నిధి) ఎంత మిగిలిందో అడగండి. అది ఖాళీగా ఉండి టెర్రస్ పాడై ఉంటే, మీరు చేరిన ఏడాదే ఫ్లాట్‌కి ఇంతని వేస్తారు. ఎవరైనా మెయింటెనెన్స్ ఎగ్గొడుతుంటే అదీ తెలుస్తుంది.

మీటింగ్ మినిట్స్ చూపించమని అడిగితే మా సెక్రటరీ గారైతే సంతోషంగా చూపిస్తారు. దాచిపెట్టే అసోసియేషన్ అయితే అది కూడా మీకొక సమాచారమే.

ఒక మాట వాచ్‌మన్ భార్యని అడగండి. వాచ్‌మన్ ఓనర్ల ముందు నోరు విప్పడు. ఆవిడ నీళ్ళు ఏ రోజు రాలేదో, స్టిల్ట్‌లో ఎప్పుడు నీళ్ళు నిలిచాయో అన్నీ చెబుతుంది. నిజాంపేట అన్నారు కాబట్టి వాన నీళ్ళ సంగతి తప్పకుండా అడగాలి. 2016 సెప్టెంబరు వానలకి భండారి లేఅవుట్ అపార్ట్‌మెంట్లలో నీళ్ళు రోజుల తరబడి ఎలా నిలిచాయో ఇక్కడివాళ్ళకి ఇంకా గుర్తుంది. 2020 అక్టోబరులో మళ్ళీ సిటీ అంతా చూశాం. ఆ రెండుసార్లు మీ బిల్డింగు స్టిల్ట్‌లో ఎంత ఎత్తున నీళ్ళు వచ్చాయో అడిగి, గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి. లిఫ్ట్ గుంతలో నీళ్ళు ఊరుతున్నాయేమో కూడా చూడండి.

---

డాలస్_గుంటూరోడు

ఇక్కడ అమెరికాలో, డాలస్‌లో మాకు కొనే ముందు తనిఖీ మామూలు విషయం. కాంట్రాక్టు రాసుకున్నాక ఆప్షన్ పీరియడ్ అని కొన్ని రోజులు ఉంటాయి. దానికి కొంత ఫీజు కట్టి, ఆ రోజుల్లోపు తనిఖీ చేయించుకుని, నచ్చకపోతే కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. ఇన్‌స్పెక్టర్‌కి టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు ఉండాలి. ఇక్కడి నేల మన నల్లరేగడిలా వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, అందుకని అందరూ ముందు పునాది చూపించుకుంటారు. బ్రాండ్‌న్యూ ఇంటికి కూడా స్లాబు పోసే ముందు ఒకసారి, గోడలు మూసే ముందు ఒకసారి చేయించేవాళ్ళు ఉన్నారు. ఇంత డబ్బు పెట్టేచోట అడగడానికి మొహమాటం ఎందుకండీ. అమ్మేవాళ్ళు ఇక్కడ అదేమీ అవమానంగా అనుకోరు.

---

ఆర్‌అండ్‌బీ_రిటైర్డ్

ట్రెజరర్ గారు చెప్పినవి బంగారం లాంటి మాటలు. లెక్కల పుస్తకం సంగతి నేను రాయాల్సింది, ఆవిడే బాగా చెప్పారు.

టీచరమ్మా, రెరా మీకు అక్కరకి రాదు. చట్టంలో ఐదేళ్ళ మాట నిజమే. ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి బిల్డర్‌కి తెలియజేస్తే, 30 రోజుల్లో ఉచితంగా బాగుచేసి ఇవ్వాలి. అది కొత్తగా కొనేవాళ్ళకి పెద్ద అండ. కానీ తెలంగాణలో 2017 జనవరి 1కి ముందు అనుమతి తీసుకున్న ప్రాజెక్టులు రెరా పరిధిలోకి రావు. మీది 2013 బిల్డింగు. రిజిస్ట్రేషన్ అయ్యాక మీకు వెనక ఎవరూ లేరు. అందుకే పాత ఫ్లాట్‌కి తనిఖీ ఎవరు చేయిస్తారు అన్న బ్రోకర్ మాట తలకిందులు. కొత్తదానికి చట్టం అయినా ఉంది, పాతదానికి మీ జాగ్రత్త ఒక్కటే ఉంది.

డాలస్ తమ్ముడు చెప్పినట్టు లైసెన్సున్న ఇంటి ఇన్‌స్పెక్టర్ అనే ఉద్యోగం మన దగ్గర లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి కంపెనీ పేరు కాదు, మీ ఇంటికి వచ్చే మనిషి ఎవరో అడగండి. సివిల్ ఇంజినీరేనా, ఎన్నేళ్ళు సైటు మీద చేశాడు, పాత బిల్డింగులు చూశాడా. స్ట్రక్చరల్ ఇంజినీర్లకి (బిల్డింగు బలం లెక్కకట్టేవాళ్ళు) హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ లైసెన్సులు ఇస్తాయి. అలాంటి ఆయన దొరికితే స్టిల్ట్, టెర్రస్ ఆయనతో చూపించుకోండి. ఇంతకు ముందు ఇచ్చిన రిపోర్టు ఒకటి, పేర్లు తీసేసి, చూపించమనండి. ఎర్త్, నీళ్ళు, చెమ్మ అని ప్రతి గదికీ టిక్కులు కొట్టి వందల ఫోటోలు అంటించిన రిపోర్టు కంటే, ముఖ్యమైన నాలుగు లోపాలు రాసి ప్రతిదానికీ కారణం, సుమారు ఖర్చు రాసిన రెండు పేజీలు మేలు.

బ్రోకర్ చూపించిన ఇంజినీరు వద్దు. తనిఖీ చేసి, అదే నోటితో వాటర్‌ఫ్రూఫింగ్ మేమే చేస్తామని కొటేషన్ ఇచ్చేవాళ్ళు కూడా వద్దు. చూసేవాడికి చెడు కనిపిస్తే లాభం వచ్చేలా ఉండకూడదు, మంచి కనిపిస్తే లాభం వచ్చేలానూ ఉండకూడదు.

---

కేపీహెచ్‌బీ_టీచర్

అందరికీ నమస్తే. తనిఖీ అయింది, అందుకే మళ్ళీ రాస్తున్నాను.

సర్ చెప్పినట్టే లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరు గారు ఒకరు దొరికారు. స్టిల్ట్ నుంచి మొదలుపెట్టించాను. మంజూరు ప్లాన్‌లో ఐదో అంతస్తు ఉంది, ప్లాన్ ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా ఉంది. ఆ భయం తీరింది.

కప్‌బోర్డు వెనక చెమ్మ బాత్రూమ్ ఫ్లోరింగ్ నుంచే. మీటర్‌లో కింద ఎక్కువ, పైకి పోతే తక్కువ. నీళ్ళు నిలబెట్టడానికి ఓనర్ ముందు కాస్త తటపటాయించారు గానీ ఒప్పుకున్నారు. మర్నాడు కింద ఫ్లాట్‌కి నేనే వెళ్ళాను. ఆవిడ స్టూల్ వేసి మరీ సీలింగ్ చూపించారు. పైపు చుట్టూ పళ్ళెమంత మేర పసుపుపచ్చ మరక, అంచున తెల్లగా ఉప్పు, మధ్యలో అప్పుడే పుట్టిన నీటి చుక్క. రెండు వానాకాలాలుగా పైవాళ్ళకి చెబుతూనే ఉన్నారట, కొత్తగా వచ్చేవాళ్ళయినా బాగుచేయించండమ్మా అన్నారు. వంటింట్లో రెండు సాకెట్లకి ఎర్త్ లేదు. ఆర్‌సీసీబీ లేదు. టెర్రస్ మీద ఈశాన్యం మూల నీళ్ళు నిలుస్తున్నాయి, సరిగ్గా మా పెద్ద బెడ్రూము పైన. లోపల స్లాబు మీద ఇంకా ఏమీ కనిపించలేదు గానీ వచ్చే వానలకి దిగవచ్చన్నారు. స్టిల్ట్‌లో కార్లు కడిగే వైపున రెండు పిల్లర్ల మొదట్లో పెచ్చు లేచి ఉంది, ఒకదానిలో తుప్పు పట్టిన చువ్వ కనిపిస్తోంది. మిగతా పిల్లర్లు బాగున్నాయన్నారు. ఇప్పుడే బాగుచేస్తే ప్రమాదం లేదని, వదిలేస్తే ప్రమాదమని రాశారు.

రిపోర్టు ఓనర్ ముందు పెట్టాం. వాదించలేదు. బాత్రూమ్, కరెంటు పనికి ఇంజినీరు రాసిన 1,60,000 కూడా ధరలో తగ్గించి, చివరికి బేరం చేసి మొత్తం 63 లక్షలకి ఒప్పుకున్నారు. సెక్రటరీ గారికి పిల్లర్ల ఫోటోలు చూపిస్తే ఆయనే కంగారు పడ్డారు, అటు కారు పెట్టుకునేది ఆయనేనట. మీటింగ్ పెట్టి టెర్రస్‌కి, పిల్లర్లకి కలిపి ఫ్లాట్‌కి ఇంతని వసూలు చేయాలని తీర్మానించారు. రిజిస్ట్రేషన్ లోపు ఈ ఫ్లాట్ వంతు ఓనరే కట్టి, అసోసియేషన్ నుంచి బాకీ లేదని కాగితం తెచ్చివ్వాలని మా అగ్రిమెంట్‌లో లాయర్ గారు రాయించారు. ట్రెజరర్ గారూ, ట్యాంకర్ల లెక్క కూడా చూశాను. ఏప్రిల్, మే నెలల్లోనే ఉన్నాయి. అది భరించగలం అనుకున్నాం.

సర్, ఒక్క అనుమానం మిగిలింది. పిల్లర్ల పని అసోసియేషన్ వాళ్ళ మేస్త్రీతోనే చేయిస్తామంటున్నారు. సిమెంటు పూసి రంగు వేసేస్తారేమో అని నా భయం. ఏం అడగాలి?

---

ఆర్‌అండ్‌బీ_రిటైర్డ్

చాలా సంతోషం అమ్మా. కింద ఫ్లాట్ ఆవిడ ఇంట్లోకి కారుతున్న మీ బాత్రూమ్ పని మాత్రం గృహప్రవేశానికి ముందే చేయించండి. టైల్స్ వేయక ముందే మళ్ళీ ఒకసారి నీళ్ళు నిలబెట్టి చూడండి, వేశాక కాదు.

పిల్లర్ల విషయంలో మీ భయం సరైనదే. ఊడిన చోట సిమెంటు పూస్తే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, ఏడాదిలో అదే పెచ్చు మళ్ళీ ఊడుతుంది. మేస్త్రీ ఎవరైనా ఫరవాలేదు గానీ పని మీ ఇంజినీరు రాసిచ్చిన పద్ధతిలో జరగాలి. వదులుగా ఉన్న కాంక్రీటంతా గట్టిది తగిలేదాకా చెక్కాలి, చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ రావాలి. వైరు బ్రష్‌తో తుప్పంతా గీకి, ఇనుము మెరిశాక తుప్పు పట్టనివ్వని పూత వేయాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్త చువ్వ కట్టాలి. తర్వాత పాలిమర్ కలిపిన రిపేర్ మోర్టార్ పొరలు పొరలుగా నింపి, దాని కంపెనీ చెప్పినట్టు తడపాలి. రెండు పిల్లర్లనీ ఒకేసారి చెక్కనివ్వకండి. ఒకటి పూర్తయి గట్టిపడ్డాకే రెండోది ముట్టుకోవాలి. ఎక్కువ లోతుగా చెక్కాల్సి వస్తే బీమ్ కింద ముందు ప్రాప్‌లు (బరువు మోసే తాత్కాలిక ఊతకర్రలు) పెట్టించాలి. అది ఎంత లోతు, ఎన్ని ప్రాప్‌లు అన్నది అక్కడ నిలబడి ఇంజినీరే చెప్పాలి, కాబట్టి చెక్కే రోజు ఆయన సైటులో ఉండేలా ఆయన ఫీజు కూడా ఆ వసూలులో కలపమని సెక్రటరీ గారికి చెప్పండి.

ఆ వైపు కార్లు కడగడం మాన్పించి, కడిగే చోటు డ్రెయిన్ దగ్గరికి మార్చమనండి. చెక్కిన రోజు ఇనుము బయటపడ్డాక ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.